డికిన్సన్ సంతకం పెట్టలేదు, నిజమే. కానీ ద్రోహి కాదు

జూలై 4 వచ్చిందంటే చాలు, ఒక పోస్టు తిరుగుతూనే ఉంటుంది. "జాన్ డికిన్సన్ అనే పెద్ద లాయరు బ్రిటిష్ రాజు మనిషి, అందుకే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టలేదు, యుద్ధమంటే భయపడి తప్పుకున్నాడు, ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు" అని. సంతకం ముక్క ఒక్కటే నిజం.

రాజు మనిషా? లండన్‌లో లా చదివొచ్చి ఫిలడెల్ఫియాలో ప్రాక్టీసు చేసిన మాట నిజమే. కానీ 1767లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికాలోని తన కాలనీల్లో గాజు, సీసం, కాగితం, రంగులు, టీ మీద సుంకం వేస్తే, పెన్సిల్వేనియా రైతు పేరుతో పత్రికల్లో 12 ఉత్తరాలు రాసి కాలనీలన్నిటినీ కదిలించింది ఈయనే. సుంకం చిన్నదే కదా అని ఊరుకుంటే అదే ఆనవాయితీ అవుతుంది, మన ప్రతినిధి లేని సభ రేపు ఎంతైనా గుంజుతుంది అన్నాడు. రాజు మనిషి రాసే రాతేనా ఇది?

1776 జూలై 1న కాలనీల ప్రతినిధుల సభలో స్వాతంత్ర్య ప్రకటన ఇప్పుడే వద్దని మాట్లాడాడు, అవును. విదేశీ సాయం ఖాయం కాలేదు, కాలనీల మధ్య ఒప్పందం తేలలేదు (దాని ముసాయిదా రాస్తున్నదీ ఆయనే), ఇప్పుడు దిగితే కాగితం పడవలో తుఫానుకు ఎదురెళ్లడమే అన్నది ఆయన వాదన. ఆ లెక్క తప్పిందనే నేనూ అంటాను, ఎందుకంటే ఫ్రాన్స్ చేయి కలిపింది ప్రకటన తర్వాతే, 1778లో. కానీ మర్నాటి ఓటింగ్‌కి ఆయన, పెన్సిల్వేనియాకే చెందిన మరో ప్రతినిధి రాబర్ట్ మోరిస్ కావాలనే తప్పుకున్నారు, దాంతో మిగిలిన ప్రతినిధుల్లో 3-2తో పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. ఇద్దరూ పట్టుబట్టి కూర్చుంటే 4-3తో వ్యతిరేకంగా పోయేది.

ఇక భయమట! ఆ కొద్ది రోజులకే తన సైనిక దళంతో న్యూజెర్సీకి బయల్దేరాడు. 1777లో ఫిలడెల్ఫియా దగ్గరున్న ఆయన ఇంటిని బ్రిటిష్ సైన్యమే తగలబెట్టింది. తమ మనిషి ఇల్లు తామే కాల్చుకుంటారా?

ఎవరూ పట్టించుకోలేదన్నది ఇంకా అన్యాయం. మొదట డెలావేర్‌కి, తర్వాత పెన్సిల్వేనియాకి అధ్యక్షుడయ్యాడు (ఇప్పటి గవర్నర్ లాంటి పదవి). 1787లో రాజ్యాంగ సభకి వెళ్లాడు, చివర్లో ఒంట్లో బాగోలేక ఇంటికెళ్తూ తన సంతకం పెట్టమని తోటి ప్రతినిధి జార్జ్ రీడ్‌కి అప్పగించాడు. ఆ పేరు ఇప్పటికీ రాజ్యాంగం మీద ఉంది.

ఆయన్ని నిలదీయాలంటే బానిసల సంగతి అడగండి. స్వేచ్ఛ గురించి అన్ని ఉత్తరాలు రాసిన మనిషి తన దగ్గరున్న బానిసలకి 1777లో షరతులతో విడుదల రాశాడు, ఏ షరతూ లేకుండా వదలడానికి 1786 దాకా పట్టింది.