46 కిలోమీటర్ల రహదారి, 7 మీటర్ల తారు: చేవెళ్ల రోడ్డు లెక్క

హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటితే బీజాపూర్ రోడ్డు మొదలవుతుంది, చేవెళ్ల రోడ్డన్నా ఇదే. అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. అక్కడ చీలి ఒక దారి వికారాబాద్‌కు, ఇంకొకటి పరిగి, కొడంగల్ వైపు పోతుంది. పేరుకు 163వ నంబరు జాతీయ రహదారి. తాండూరు బస్సు, కాలేజీ బస్సు, కూరగాయల ఆటో, కంకర టిప్పర్, చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లే కారు అన్నీ ఏళ్ల తరబడి రెండు వరుసల తారు మీదే సర్దుకున్నాయి.

రెండు వరుసలంటే 7 మీటర్లు. బస్సు, టిప్పర్ ఎదురుపడితే రెండూ కలిసి 5 మీటర్లు తినేస్తాయి. మిగిలిన 2 మీటర్లలోనే రెండు బండ్ల మధ్య ఎడం, అంచున పోయే బైకు, డ్రైవర్ చేసే చిన్న పొరపాటు అన్నీ ఇమడాలి. 2025 నవంబర్ 3న ఇదే దారిలో మీర్జాగూడ వద్ద అవి ఇమడలేదు. కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది, కంకరంతా ప్రయాణికుల మీద పడింది, 19 మంది పోయారు. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురెదురు ఢీలు చాలావరకు తప్పుతాయి.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వేలు మర్రిచెట్ల వైపు తిరుగుతుంది. నిజాం కాలం నాటివని చెప్పే 900 పైచిలుకు మర్రులు ఈ దారి పొడవునా ఉన్నాయి. వాటి కోసమే ఈ రోడ్డును నాలుగు వరుసలు చేసే విస్తరణ పని, పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లెక్కింది. చెట్టు వల్ల ఇబ్బంది లేదనడం అబద్ధం. మొదలు తారు అంచునే ఉన్నచోట బండి దించడానికి పక్కన ఖాళీ జాగా ఉండదు. వాన వెలిసినా కొమ్మల నుంచి చినుకు రాలుతూనే ఉంటుంది, నీడకు తడి ఆరదు, కంకరను పట్టి ఉంచే తారు వదిలేస్తుంది. అలా పడిన గుంతను తప్పించబోయి డ్రైవర్ స్టీరింగ్ కుడికి తిప్పుతాడు, అంటే ఎదుటి వరుసలోకి. గుంత పూడ్చడం, నీరు పోయే వాలు ఇవ్వడం మాత్రం ఏ కోర్టు కేసుకూ అడ్డం కాని పనులు.

రోడ్డు ఇన్నాళ్లు ఇరుకుగా ఉండిపోవడానికి జంట జలాశయాలకూ వాటా ఉందనుకోవాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. అపార్ట్‌మెంట్లు రాలేదు కానీ ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఊరు పెరగలేదన్న లెక్కలో రోడ్డు ఉండిపోయింది, బండ్లు పెరిగిపోయాయి.

మందు మరీ అంతుచిక్కనిదేం కాదు. పాత రోడ్డును ఒకవైపు రాకపోకలకు వదిలేసి, చెట్ల వరుసకు అవతల కొత్తగా రెండు వరుసలు వేస్తే మధ్యలోని మర్రులే డివైడర్ అవుతాయి. భూసేకరణ ఖర్చు పెరుగుతుంది, నిజమే. తారు అంచున మిగిలే మొదళ్లకు ఇనుప రెయిలింగ్, రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు తప్పనిసరి. మొదళ్లకు పూసే సున్నం, జాజు పట్టీలు వర్షాకాలం దాటవు.

మలుపు సరిచేసే చోట కొన్ని మర్రులను పెకలించి వేరేచోట నాటక తప్పదు. మర్రి బతికే జాతే, తొందరపడితేనే చస్తుంది. ముందు కొమ్మలు నరికి కోతలకు శిలీంద్ర నాశక లేపనం పూయాలి. చుట్టూ కందకం ఒక్కసారే తవ్వకుండా విడతలుగా తవ్వి, కొత్త పీచువేళ్లు పుట్టేదాకా వారాల తరబడి ఆగాలి. ఆ తర్వాతే క్రేన్. కాంట్రాక్టర్ గడువు దగ్గరపడితే ఎగిరిపోయేది ఈ ఆగడమే. లోపల డొల్లబారిన మొదలైతే ఎత్తేటప్పుడే చీలుతుంది, దాన్ని ఉన్నచోటే ఉంచడం మేలు.

నాలుగు వరుసలతో పని అయిపోయిందనుకోవడానికీ లేదు. 2024 డిసెంబర్‌లో ఆలూరు స్టేజీ దగ్గర లారీ అదుపు తప్పి, రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి దూసుకుపోయింది. అక్కడ డివైడర్ ఉన్నా ఆపేది కాదు. ఈ దారిలో ప్రతి గేటూ, ప్రతి స్టేజీ ఓ చిన్న సంతే. తారు అంచుకు అవతల బస్సు ఆగే జాగా, గంప దించుకునే జాగా డిజైన్‌లోనే గీయాలి. గీయకపోతే ఎడమ వరుసను సంత తీసుకుంటుంది, లారీలు కుడి వరుసలో పోతాయి, స్టేజీ వచ్చిన ప్రతిచోటా రోడ్డు మళ్లీ రెండు వరుసలే.