గాడుల డబ్బా మీద చెల్లని మాటలు

మా బావమరిది మొన్న వాట్సాప్‌లో ఒక పోస్టు పంపాడు. నిలువునా గాడులున్న పొడవాటి ఇనుప డబ్బా, పక్కన అందులో పెట్టుకునే గుండ్రటి కళ్లద్దాల మాస్క్. కింద నాలుగు ముక్కలు: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల గ్యాస్ మాస్క్ ఇది, సీలు విప్పనిది దొరికితే ఈరోజుకీ పనిచేస్తుంది, జర్మన్ ఇంజినీరింగ్ అంటే అదీ, ఆ యుద్ధంలో విషవాయువు వాడనే లేదు కాబట్టి దొరికేవన్నీ కొత్తవే, డబ్బా మీద నాజీల గద్ద ముద్ర ఉంటే అసలుదే, చాలా అరుదు, ధర లక్షల్లో. ఆ కింద వాడి సొంత ప్రశ్న: “బావా, నీ దగ్గర ఇలాంటిది ఉందిగా, అమ్మితే కారొస్తుందా?”

ఉంది. చదువుకని జర్మనీ వచ్చిన కొత్తలో లైప్‌జిగ్ దగ్గర పాత సామాన్ల సంతలో 90 యూరోలకు కొన్నాను. కారు సంగతి తర్వాత చూద్దాం.

ముందు ‘పనిచేస్తుంది’ అన్న మాట. ఇది నవ్వి వదిలేసేది కాదు. నమ్మి తొడుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. 1930లో వచ్చిన జి.ఎమ్.30 మాస్కు ముఖభాగం రబ్బరు పట్టించిన గుడ్డ, చర్మానికి ఆనే అంచు తోలు. తర్వాతి జి.ఎమ్.38 మొత్తం రబ్బరే. ఇన్నేళ్లలో తోలు బిరుసెక్కుతుంది, రబ్బరు పెళుసుబారుతుంది. నా మాస్కును గడ్డం దగ్గర కొంచెం వంచితే చాలు, గోరంత పగులు నోరు తెరుస్తుంది. గాలికి ఆ సందు చాలు.

ఇక ముందు భాగాన మరతో బిగించే ఫిల్టరు. ఎఫ్.ఈ.37, ఎఫ్.ఈ.41 అని దాని మీద అంకెలుంటాయి. లోపల పొగనూ నలుసులనూ ఆపే పొర, వాయువును పట్టుకునే బొగ్గు. ఆ బొగ్గు విషాన్నే కాదు, తేమనూ పట్టుకుంటుంది. సీలు ఉందిగా అంటారు. ఆ సీలులో ఉన్న రబ్బరు వయసు కూడా ఎనభై దాటింది మరి. దానికి తోడు ఆ కాలపు ఫిల్టర్లలో పొగను ఆపడానికి ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు వాడేవారు. బ్రిటిష్ మాస్కుల్లో అయితే నీలి ఆస్బెస్టాస్. 2014లో అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ, బడిపిల్లలతో యుద్ధకాలపు మాస్కులు తొడిగించవద్దని చెప్పింది. జర్మన్ ఫిల్టరుకూ అదే జాగ్రత్త: ఊపొద్దు, విప్పొద్దు, ముక్కు దగ్గర పెట్టుకోవద్దు.

మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరో “సెప్టిక్ ట్యాంకులు కడిగేవాళ్లకు పనికొస్తుంది” అన్నారు. అయ్యా, నిన్న తయారైన ఫిల్టరైనా గాలిని వడకడుతుందే తప్ప పుట్టించదు. ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో ఆక్సిజనే లేనప్పుడు ఏం వడకడుతుంది? కార్బన్ మోనాక్సైడునూ ఈ బొగ్గు ఆపలేదు.

రెండో మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. “విషవాయువు వాడనే లేదు.” యూరప్ యుద్ధరంగంలో రెండు వైపులా సైన్యాలు గ్యాసుతో దాడులకు దిగలేదు అంటే ఒప్పుకుంటాను. 1936 చివర్లోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ష్రాడర్ టాబున్ అనే నరాల విషాన్ని కనిపెట్టాడు, తర్వాత వేల టన్నులు తయారు చేశారు, యుద్ధరంగంలో మాత్రం వదల్లేదు. కానీ జపాన్ సైన్యం చైనాలో గ్యాస్ వాడింది. నాజీల గ్యాస్ చాంబర్లు ఏమయ్యాయి? ఆష్విట్జ్ శిబిరం ఒక్కచోటే దాదాపు 11 లక్షల మందిని చంపారు. అందులో ఎక్కువమంది సైక్లాన్-బి గ్యాసుకు బలైనవాళ్లే. సైక్లాన్-బి డబ్బా మూత తీసి ఆ గ్యాసును వదిలే గుళికలను లోపలికి పోసిన నాజీ దళం ఎస్.ఎస్. మనుషులు ముందు తమ మొహాలకు గ్యాస్ మాస్కులు బిగించుకున్నారు.

ఆ పోస్టు మురిసిపోయిన ఇంజినీరింగ్ వెనక చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. మాస్కుల తయారీలో పెద్ద పేర్లు రెండు, ఆవర్, డ్రేగర్. ఒరానియన్‌బుర్గ్‌లోని ఆవర్ ఫ్యాక్టరీలో జాక్సన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి చెందిన మహిళా ఖైదీలతో మాస్కులు చేయించారు. హాంబుర్గ్ వాండ్స్‌బెక్‌లోని డ్రేగర్ ఫ్యాక్టరీ పక్కన 1944లో నోయెన్‌గామె శిబిరానికి ఒక శాఖ పెట్టారు. అక్కడా అంతే, వందలమంది ఆడవాళ్లు, మాస్కుల పని. సంతలో ఈ కథ ఏ అమ్మకందారూ చెప్పడు.

ఒక ముక్క పక్కదారి. 1943 డిసెంబర్ 2న జర్మన్ విమానాలు ఇటలీలోని బారి రేవు మీద బాంబులు వేశాయి. అక్కడ నిలిచిన అమెరికన్ ఓడ జాన్ హార్వీలో రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ గ్యాస్ బాంబులున్నాయి. ఆ గ్యాసు తగిలి ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, వాళ్లలో 83 మంది చనిపోయారు. అంటే విషం అమెరికన్లదే, దాన్ని బయటికి తెచ్చింది జర్మన్ బాంబులు. మస్టర్డ్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి అక్కడ మాస్కు ఒక్కటే ఉన్నా సరిపోయేది కాదు. జర్మన్ సైనికుడి దగ్గర డబ్బాతో పాటు ఒంటి మీద కప్పుకునే గ్యాస్ దుప్పటి కూడా ఉండేది అందుకే.

ఇక ‘అన్నీ కొత్తవే’. గ్యాస్ రాకపోయినా డ్రిల్లు తప్పలేదు, మాస్కు పెట్టుకుని పరుగెత్తించేవారు. నా డబ్బా మూత లోపల చిన్న అర ఉంది. కళ్లద్దాలకు ఆవిరి పట్టకుండా లోపలివైపు బిగించే పలుచని బిళ్లలు అందులో పెట్టుకునేవారు, క్లార్‌షైబెన్ అంటారు. ఒకవైపు జెలటిన్ పూత. నా దాంట్లో ఒక్క బిళ్లే మిగిలింది. దాని అంచున ఎవరి వేలిముద్రో పూతలో దిగి అలాగే ఎండిపోయింది.

గద్ద ముద్ర సంగతి. ముద్ర కొట్టే అచ్చు చేయించుకోవడం ఏమంత కష్టం? నేను చూసేది గాడుల అడుగు. అసలు రంగు ఎక్కడో పెచ్చులూడి, అక్కడ తుప్పు పైకి వస్తుంది. తుప్పు తిన్న గుంతల లోపల కూడా రంగు నిండి ఉందంటే మొన్నీమధ్య వేసిందే. డబ్బా పట్టీ కుట్టు మీద యూవీ లైటు వేస్తే కొత్త దారం తెల్లగా మెరుస్తుంది. అయితే ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన పాత పట్టీ కూడా అలాగే మెరుస్తుంది, అదో తలనొప్పి. పైగా అగ్నిమాపక దళానికీ పౌర రక్షణకూ ఇలాంటి డబ్బాలే ఇచ్చేవారు, వాటికి రంగు మార్చి సైన్యానివి అని అంటగట్టేవాళ్లున్నారు. స్వస్తిక ఉన్న గద్దను జర్మనీలో ఊరికే ప్రదర్శిస్తే శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం, చరిత్ర బోధన లాంటి వాటికి మినహాయింపు. సంతలో దాని మీద చిన్న స్టిక్కరు అంటించి అమ్ముతారు.

అరుదా? జర్మన్ సైన్యంలో పనిచేసినవాళ్లు 1.7 కోట్లకు పైనే, మాస్కు మామూలు కిట్టులో భాగం. నేను కొన్న రోజున పక్క బల్ల మీదే ఇంకో ఐదు డబ్బాలున్నాయి. అరుదైనది పారాట్రూపర్ల గుడ్డసంచి. దూకినప్పుడు ఇనుప డబ్బా ఒంటికి తగిలి గాయమవుతుందని వాళ్లకు అది ఇచ్చారు. అందుకే నకిలీలూ దాంట్లోనే ఎక్కువ.

ఇదంతా మావాడికి రాసి, కారు రాదు, మహా అయితే పాత సైకిల్ వస్తుందన్నాను. “మరి అంతోటిదానికి కొన్నావెందుకు బావా?” అన్నాడు. ఆ బిళ్లను కిటికీ వెలుతురులో పెట్టి, వేలిముద్ర ఫొటో తీసి పంపాను.