పాత కార్డుకు పంపిన రిఫండ్ ఎక్కడికి చేరుతుంది?

2025 మార్చిలో మా అక్కయ్య క్రెడిట్ కార్డు మీద ఎవరో గుర్తుతెలియని లావాదేవీకి ప్రయత్నించారు. హెచ్చరిక సందేశం రాగానే ఆమె బ్యాంకుకు ఫోన్ చేసి కార్డును బ్లాక్ చేయించింది. వారం తిరిగేలోగా కొత్త నంబరుతో కొత్త కార్డు ఇంటికి వచ్చింది. పాతదాన్ని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. అయితే అంతకు నెల ముందే, వేసవి సెలవుల్లో కశ్మీర్ వెళ్లడానికి ఒక ట్రావెల్ సంస్థకు ఆ పాత కార్డు మీదే 40,000 రూపాయలు అడ్వాన్సు కట్టి ఉంది. ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకులపై ఉగ్రవాదుల దాడి జరిగాక ఎన్నో కుటుంబాల్లాగే వాళ్లూ ప్రయాణం మానుకున్నారు. ట్రావెల్ సంస్థ పేచీ పెట్టలేదు. ‘మీరు చెల్లించిన కార్డుకే మొత్తం జమ చేశాం’ అని మే మొదటి వారంలో మెయిల్ పంపింది. అది చదివి అక్కయ్య నాకు ఫోన్ చేసింది. “కార్డే లేదు కదరా, డబ్బు ఎక్కడికెళ్లి పడినట్టు?” అని అడిగింది.

ఈ ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. కార్డు మారిన ప్రతి ఇంట్లోనూ ఇదే సందేహం వస్తుంది. ప్రయాణాల విషయంలో మరీ ఎక్కువగా వస్తుంది. కిరాణా సరుకులకు కట్టిన డబ్బు వెనక్కి రావలసివస్తే రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. యాత్రలకు, విదేశీ పర్యటనలకు, హోటల్ గదులకు మాత్రం నెలల ముందే అడ్వాన్సు కట్టాలి. డబ్బు కట్టిన రోజుకూ, రద్దయి తిరిగి రావలసిన రోజుకూ మధ్య ఆరు నెలలు గడవడం మామూలే. ఆ ఆరు నెలల్లో కార్డు పోవచ్చు, గడువు తీరవచ్చు, మోసం అనుమానంతో మార్చవలసి రావచ్చు, లేదా బ్యాంకే చేతులు మారవచ్చు. సిటీ బ్యాంకు భారతదేశంలోని తన రిటైల్ వ్యాపారాన్ని 2023 మార్చి 1న యాక్సిస్ బ్యాంకుకు అప్పగించాక, 2024 జూలై నాటికి ఆ కార్డుదారులంతా యాక్సిస్ ఖాతాదారులయ్యారు. వాళ్లలో ఎవరూ కార్డు పోగొట్టుకోలేదు, మార్చమని అడగనూ లేదు.

ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. ప్లాస్టిక్ ముక్క వేరు, దాని మీది నంబరు వేరు, ఆ నంబరు వెనక ఉన్న ఖాతా వేరు. కార్డు మీది అంకెల్లో మొదటివి ఏ బ్యాంకు జారీ చేసిందో చెబుతాయి, చివరి అంకె మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూడటానికి పనికొస్తుంది. డబ్బు లెక్క నడిచేది ఈ నంబరు మీద కాదు, బ్యాంకు పుస్తకాల్లో మన పేరిట ఉన్న కార్డు ఖాతా మీద. కార్డు మార్చినప్పుడు నంబరు మారుతుంది, ఖాతా కొనసాగుతుంది. అందుకే మార్చిన కార్డు మీద పాత బకాయి మాఫీ కాదు, అది కొత్త స్టేట్‌మెంట్‌లోకి తప్పకుండా నడిచి వస్తుంది. బకాయి రాగలిగిన దారిలోనే రిఫండ్ కూడా రాగలదు. ట్రావెల్ సంస్థ రిఫండ్ పెట్టగానే అది ఆ సంస్థ బ్యాంకు నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ లేదా రూపే నెట్‌వర్కు మీదుగా మన బ్యాంకుకు పాత నంబరుతోనే చేరుతుంది. ఆ నంబరు ఎవరి ఖాతాకు చెందిందో చూసి జమ వేయడం కార్డు జారీ చేసిన బ్యాంకు పని.

కార్డు మార్చడం, కార్డు ఖాతానే మూసేయడం ఒకటి కావు. ఖాతా మూతపడితే కథ మారుతుంది. అప్పుడు బ్యాంకు ఆ జమను మూసిన ఖాతాలో మిగులుగా ఉంచవచ్చు, లేదా తీసుకోకుండా వచ్చిన దారినే తిప్పి పంపవచ్చు. తిప్పి పంపిన సొమ్ము ట్రావెల్ సంస్థ బ్యాంకుకో, మధ్యలోని పేమెంట్ సంస్థకో చేరి, ఎవరూ అడగనంతకాలం అక్కడే పడి ఉంటుంది. కాబట్టి అడ్వాన్సు కట్టిన ప్రయాణం ముగిసేదాకా ఆ కార్డు ఖాతాను మూయకపోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. ఏడాది రుసుము కొద్దిగా భారమైనా సరే.

చెల్లించిన దారిలోనే వెనక్కి పంపుతామని ట్రావెల్ సంస్థలు పట్టుబట్టడం చాలామందికి మొండితనంగా తోస్తుంది. బ్యాంకు ఖాతాకు నేరుగా వేస్తే పోయేదానికి ఈ చుట్టుదారి ఎందుకని విసుక్కుంటారు. కానీ ఆ నియమం సరైనదే. వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసే మధ్యవర్తి సంస్థలైన పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఏ సాధనంతో చెల్లించారో దానికే రిఫండ్ వెళ్లాలని చెప్పాయి. వినియోగదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే మాత్రం వేరే దారిలో పంపవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చాయి. ఈ కట్టుబాటు లేకపోతే, దొంగిలించిన కార్డుతో టికెట్లు కొని, రద్దు చేసి, ఆ సొమ్మును తన ఖాతాకు రప్పించుకోవడం మోసగాడికి చిటికెలో పని. వినియోగదారులకు తెలియనిది ఆ వెసులుబాటు సంగతే. ఖాతా నిజంగానే మూతపడి, సొమ్ము తిరిగి ట్రావెల్ సంస్థకే చేరినప్పుడు, వేరే ఖాతాకు వేయమని మనం రాతపూర్వకంగా కోరవచ్చు. మూసివేతకు బ్యాంకు ఇచ్చిన లేఖ జతచేస్తే కాదనడానికి సంస్థకు కారణం మిగలదు.

ఇక్కడే జాగ్రత్తపడవలసింది కూడా ఉంది. రిఫండ్ రాలేదని ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికినవారిని నకిలీ నంబర్లు పెట్టి కాచుకున్న మోసగాళ్లు పట్టుకుంటారు. ‘మీ పాత కార్డు పనిచేయడం లేదు, కొత్త కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు, వచ్చిన ఓటీపీ చెప్పండి’ అంటారు. పాత కార్డు నిజంగానే మారింది గనుక ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది. రిఫండ్‌కు ఇవేవీ అక్కర్లేదు. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు జారీ చేసిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు తప్ప వ్యాపారులెవరూ మన పూర్తి కార్డు నంబరును దాచుకోకూడదు. వాళ్ల దగ్గర అసలు నంబరుకు బదులుగా వాడే టోకెన్ అనే సంకేతం, చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రమే ఉంటాయి. పాత లావాదేవీ గుర్తింపు సంఖ్య ఆధారంగానే రిఫండ్ వెళ్తుంది కాబట్టి, కొత్త నంబరు అడిగినవారిని అనుమానించాల్సిందే. పొరపాటున చెప్పేస్తే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అక్కయ్య విషయానికి వస్తే, ఆమె మూడు వారాలు తిరిగింది. ట్రావెల్ సంస్థ ‘పంపేశాం’ అన్నది. బ్యాంకు కస్టమర్ కేర్‌లో ఫోనెత్తిన ప్రతివారూ కొత్త కార్డు నంబరు కొట్టి చూసి ‘మాకేమీ రాలేదు’ అన్నారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఇద్దరి మాటలూ నిజమే అయినా 40,000 రూపాయలు కనిపించడం లేదు. చివరికి తీగ దొరికింది ఒక సంఖ్యలో. వీసా, మాస్టర్‌కార్డ్ మీదుగా వెళ్లే ప్రతి రిఫండ్‌కూ 23 అంకెల రిఫరెన్సు నంబరు ఒకటి ఉంటుంది. బ్యాంకుల వాడుకలో దాన్ని ఏఆర్‌ఎన్ అంటారు. కొరియర్ పొట్లానికి ట్రాకింగ్ నంబరు ఎలాగో ఇదీ అలాగే. అది ఇవ్వమని ట్రావెల్ సంస్థకు రాస్తే మొదట బుకింగ్ నంబరే మళ్లీ పంపారు, రెండోసారి రాస్తే అసలుది ఇచ్చారు. ఆ 23 అంకెలనూ, ఫిబ్రవరి స్టేట్‌మెంట్‌లో పాత కార్డు చివరి నాలుగు అంకెలు కనిపించే పేజీనీ జతచేసి బ్యాంకుకు మెయిల్ పెట్టిన మర్నాడే జవాబు వచ్చింది. సొమ్ము మే 9నే బ్యాంకుకు చేరింది, పాత నంబరు కింద విడిగా ఉండిపోయింది, కొత్త కార్డు లెక్కలోకి మళ్లించలేదు. ముక్కలు చేసి పారేసిన కార్డు అంకెలు ఆ పాత స్టేట్‌మెంట్‌లో లేకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

నన్ను బాధించింది ఆ మూడు వారాల ఆలస్యం కంటే, సొమ్ము ఎక్కడుందో కనిపెట్టే భారమంతా సొమ్ము పోగొట్టుకున్న మనిషి మీదే పడటం. సంస్థ కంప్యూటర్‌లో ఏఆర్‌ఎన్ ఉంది, బ్యాంకు కంప్యూటర్‌లో జమ ఉంది. రెండింటికీ మధ్య వంతెన కట్టవలసివచ్చింది మాత్రం ఏఆర్‌ఎన్ అనే మాటే వినని ఒక గృహిణి. నిబంధనలు లేవా అంటే ఉన్నాయి, కొన్ని చాలా మంచివి కూడా. క్రెడిట్, డెబిట్ కార్డులపై రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కార్డు ఖాతాలో మనకు రావలసిన మిగులు ఉంటే, దాన్ని మన బ్యాంకు ఖాతాకు మార్చమని కోరిన మూడు పనిదినాల్లో మార్చాలి. బిల్లు ఇంకా కట్టకముందే రిఫండ్ వస్తే వెంటనే ఆ బకాయిలో సర్దుబాటు చేసి తెలియజేయాలి. బిల్లు కట్టేశాక వస్తే, ఆ మొత్తం 5,000 రూపాయలు లేదా కార్డు రుణ పరిమితిలో 1 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని దాటినప్పుడు, కార్డు పరిమితిలో కలపడానికి ఏడు రోజుల్లో మన సమ్మతి తీసుకోవాలి. సమ్మతి రాకపోతే బ్యాంకు ఖాతాకు వేయాలి. ఇవన్నీ సొమ్ము వచ్చిందని బ్యాంకు గుర్తించిన తర్వాతి మాటలు. గుర్తించకపోతే ఏ గడువూ మొదలే కాదు.

2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నష్టపరిహార నియమమూ ఇక్కడ అక్కరకు రాదు. రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న ఆ ఉత్తర్వు విఫలమైన లావాదేవీలకు వర్తిస్తుంది. అడ్వాన్సు చెల్లింపు విఫలం కాలేదు, సఫలమై ఆ తర్వాత రద్దయింది. కార్డు మూసివేత విన్నపాన్ని ఏడు పనిదినాల్లో తీర్చకపోతే బ్యాంకు రోజుకు 500 రూపాయలు చెల్లించాలన్న నియమం ఉంది. కానీ రిఫండ్‌ను పాత నంబరు నుంచి కొత్త నంబరుకు మళ్లించడంలో జాగు చేస్తే ఎంత చెల్లించాలో చెప్పే నియమం లేదు. ఈ ఖాళీలోనే సామాన్యుల సొమ్ము ఇరుక్కుంటున్నది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ విషయంలో కొంత మెరుగైన రక్షణ ఉంది. అక్కడి నిబంధనల ప్రకారం కార్డు ఖాతాలో ఒక డాలరుకు మించి మిగులు ఉంటే, రాతపూర్వకంగా అడిగిన ఏడు పనిదినాల్లో బ్యాంకు వెనక్కి ఇవ్వాలి. అడగకపోయినా, ఆరు నెలలకు మించి ఆ సొమ్ము ఖాతాలోనే ఉంటే, కార్డుదారును వెతికి అప్పగించడానికి బ్యాంకే చిత్తశుద్ధితో ప్రయత్నించాలి. చదువు ముగించుకుని హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వచ్చేసి, అక్కడి కార్డు మూసేసిన విద్యార్థులు విమాన టికెట్ల రిఫండ్ గురించి రాయవలసివస్తే ఈ రెండు నియమాలనూ పేర్కొనవచ్చు. యజమానిని వెతకడం బ్యాంకు పని అన్న ఆ రెండో నియమం మన ఆదేశాల్లోకీ రావాలని నేను కోరుకుంటున్నాను.

అది వచ్చేదాకా గడువులు మన చేతిలో ఉండాలి. రిఫండ్ వేశామని చెప్పి వేయకపోయినా, ఏఆర్‌ఎన్ ఇవ్వకుండా తిప్పినా, కార్డు జారీ చేసిన బ్యాంకు దగ్గర ఛార్జ్‌బ్యాక్, అంటే వివాదంలో ఉన్న సొమ్మును వ్యాపారి నుంచి బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, కోరవచ్చు. కార్డు మారినా ఆ హక్కు పోదు, ఎందుకంటే వివాదం లావాదేవీ మీద, ప్లాస్టిక్ మీద కాదు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో దీనికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. అది ఏ తేదీ నుంచి మొదలవుతుందన్నది కేసును బట్టి మారుతుంది. ‘వచ్చే వారం, పైవారం’ అంటూ ట్రావెల్ సంస్థ మాటలతో ఆ రోజులు కరిగిపోకుండా చూసుకోవాలి. తప్పు బ్యాంకుదైతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము ఉండదు. 14448కి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెబుతారు. తప్పు ట్రావెల్ సంస్థదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. కమిషన్‌కు వెళ్లడానికి వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల సమయం ఉంటుంది. ఈలోగా అలిగి కార్డు బిల్లు కట్టకుండా ఆపడం మాత్రం వద్దు. నెలకు 3 శాతానికి పైగా పడే వడ్డీ, రావలసిన రిఫండ్‌లో మంచి ముక్కే కొరికేస్తుంది.

ఈ సమస్యకు పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదన్నది నా అభిప్రాయం. రిఫండ్ పెట్టామని ట్రావెల్ సంస్థ పంపే సందేశంలోనే ఏఆర్‌ఎన్ ఉండాలని రిజర్వు బ్యాంకు ఒక్క వాక్యం రాస్తే చాలు. పాత నంబరుకు వచ్చిన జమను ఇన్ని రోజుల్లోగా కొత్త కార్డుకు మళ్లించాలని, దాటితే రోజుకు ఇంత చెల్లించాలని ఇంకో వాక్యం. కార్డు మార్చడానికో మూయడానికో మనం ఫోన్ చేసినప్పుడు బ్యాంకు అడిగే ప్రశ్నల్లో ‘ఈ కార్డుకు ఎక్కడి నుంచైనా రిఫండ్ రావలసి ఉందా, దీనితో ఎక్కడైనా అడ్వాన్సు కట్టి ఉన్నారా?’ అన్న ప్రశ్న కూడా చేర్చాలి. ఆ మార్చి నెలలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే, కశ్మీర్ అడ్వాన్సు సంగతి అక్కయ్య అప్పుడే చెప్పి ఉండేది.