తరగతి ప్రాజెక్టు పాతికేళ్లు బతికింది.. మన ప్రాజెక్టులు వైవా దాటవెందుకు?

ఇంజనీరింగ్‌లో చివరిదైన ఫోర్-టూ సెమిస్టర్ వచ్చిందంటే నెల్లూరు, కావలి, ఒంగోలు బైండింగ్ షాపులకు చేతినిండా పని. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, లోపల అబ్‌స్ట్రాక్ట్ నుంచి కన్‌క్లూజన్ దాకా డాక్యుమెంటేషన్. అందులోని ప్రోగ్రాం ఏ ప్రాజెక్టు సెంటర్ నుంచి వచ్చిందో చాలా బ్యాచ్‌లలో నలుగురికీ తెలుసు, గైడుకూ తెలుసు. వైవా అయిన మర్నాటి నుంచి దాన్ని తెరిచే నాథుడు ఉండడు. ఇదంతా అందరూ ఎరిగినదే కాబట్టి కొత్తగా వాపోవాల్సింది ఏమీ లేదు. కానీ సరిగ్గా ఇలాంటి తరగతి ప్రాజెక్టుగానే పుట్టిన ఒక సాఫ్ట్‌వేర్ పాతికేళ్లుగా లక్షల కంప్యూటర్లలో నడుస్తోంది. అది ఎలా నిలబడిందో చూస్తే మన దగ్గర ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

2001 జనవరి రెండో వారంలో టిమ్ కోసె అనే జర్మన్ విద్యార్థి, మరో ఇద్దరు సహాధ్యాయులు కంప్యూటర్ సైన్స్ తరగతి కోసం ఎఫ్‌టీపీ క్లయింటు, అంటే మన కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య ఫైళ్లు చేరవేసే ప్రోగ్రాం, రాయడం మొదలుపెట్టారు. ఫిబ్రవరిలోనే బీటా జనం చేతుల్లోకి వచ్చింది. అదే ఫైల్‌జిల్లా. వెబ్‌సైటు ఫైళ్లను సర్వర్‌కు ఎక్కించేవాళ్లకూ, పెళ్లి ఆల్బం పేజీలను కలర్ ల్యాబ్‌కు పంపే స్టూడియోలకూ దాన్ని పరిచయం చేయనక్కర్లేదు.

కోడ్ రాయకముందే వాళ్లు తేల్చుకున్న సంగతి ఒకటుంది: దీన్ని అమ్ముదామా, కోడ్‌ను అందరికీ తెరిచి ఓపెన్ సోర్స్‌గా వదులుదామా? మార్కెట్లో అప్పటికే ఎఫ్‌టీపీ క్లయింట్లు కుప్పలుగా ఉన్నాయి. ఇంకొకటి తెస్తే ఒక్క కాపీ కూడా అమ్ముడుపోదని వాళ్లకు అర్థమైంది. అందుకే ఓపెన్ సోర్స్ దారి పట్టి, జీపీఎల్ లైసెన్సుతో వదిలారు. దీన్ని త్యాగంగా చూడకండి, లెక్క సరిగ్గా వేసుకున్న నిర్ణయం. దాని ఫలితం చాలాకాలం అందింది. ఫైల్‌జిల్లాలోని ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లను రహస్య సంకేతంగా మార్చి పంపే పద్ధతి) భాగం, దూరపు సర్వర్లలోకి లాగిన్ అవడానికి సైమన్ టాథమ్ మొదలుపెట్టిన పుట్టీ అనే ప్రోగ్రాం కోడ్ ఆధారంగా వచ్చింది. పుట్టీ లైసెన్సు ఎంఐటీది, జీపీఎల్ కోడ్‌తో కలపడానికి అడ్డు లేదు. ఆ తర్వాత ఫైళ్లు పంపే మరో ప్రోగ్రాం విన్‌ఎస్‌సీపీకి ఎఫ్‌టీపీ కావాల్సి వచ్చినప్పుడు అది ఫైల్‌జిల్లా కోడ్‌ను తీసుకుంది. ఆ విన్‌ఎస్‌సీపీ కూడా 2000లో ప్రాగ్ ఆర్థిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ ప్రిక్రిల్ మొదలుపెట్టినదే. లైసెన్సు ఫైలు లేని కోడ్‌ను చట్టప్రకారం ఇంకొకరు ముట్టుకోకూడదు. మన విద్యార్థి ప్రాజెక్టుల్లో ఆ ఫైలు ఉన్నవి ఎన్నో ఒకసారి వెతికి చూడండి.

అసలు గట్టి పాఠం మాత్రం వాళ్లు ఎంచుకున్న సమస్యలో ఉంది. ఎఫ్‌టీపీ అప్పటికే ముసలిది. 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114గా (ఇంటర్నెట్ నియమాలను రాసిపెట్టే పత్రాలే ఆర్‌ఎఫ్‌సీలు) దాని తొలి రూపం రాసిన అభయ్ భూషణ్ మనవాడే, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లినవాడు. మూలంగా నేటికీ అందరూ పట్టుకునే ఆర్‌ఎఫ్‌సీ 959 వచ్చింది 1985 అక్టోబరులో. ఏ ఆజ్ఞ పంపాలో, ఏ అంకెతో జవాబు వస్తుందో అంతా అచ్చులో ఉంది. ‘నూతన ఆవిష్కరణ’ కోసం తడుముకోవాల్సిన పని లేదు. అయితే ఆ పత్రం మాత్రమే చదివి రాసిన క్లయింటు బయట సర్వర్ల దగ్గర అడుగడుగునా తడబడుతుంది. ఆ తడబాట్లను ఒక్కొక్కటిగా సరిదిద్దడమే ఫైల్‌జిల్లా చరిత్రంతా.

ఉదాహరణకు కనెక్షన్ సంగతే తీసుకుందాం. ఎఫ్‌టీపీకి రెండు కావాలి. ఆజ్ఞలు 21వ పోర్టు (కంప్యూటర్‌లో కనెక్షన్ వచ్చే వాకిలి లాంటిది) మీద నడుస్తాయి, ఫైళ్లూ వాటి జాబితాలూ వేరే కనెక్షన్‌లో వస్తాయి. యాక్టివ్ పద్ధతిలో క్లయింటు ‘పోర్ట్’ అనే ఆజ్ఞతో ఆరు అంకెలు పంపుతుంది: 192,168,1,5,195,80. మొదటి నాలుగూ ఐపీ చిరునామా. చివరి రెంటిలో 195ను 256తో గుణించి 80 కలిపితే 50,000వ పోర్టు. సర్వరే తిరిగొచ్చి ఆ పోర్టుకు తగులుకోవాలి. 1985లో ఇది సబబే. కానీ ఇప్పుడు ఇంట్లో రౌటర్ వెనక 192.168.1.5 అనే లోపలి చిరునామాతో ఉన్న కంప్యూటర్‌ను బయటి సర్వర్ చేరలేదు. అందుకే పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, లాగిన్ అవుతుంది, ఫైళ్ల జాబితా దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతుంది. పాసివ్ పద్ధతిలో సర్వరే ఒక పోర్టు తెరిచి 227 అంకెతో పంపే జవాబులో చిరునామా చెబుతుంది, క్లయింటే వెళ్లి కలుస్తుంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. సర్వర్ కూడా రౌటర్ వెనకే ఉండి, దాన్ని పెట్టినవాళ్లు సెట్టింగ్ మరిచిపోతే, ఆ 227లో తన లోపలి చిరునామానే చెప్పేస్తుంది. అది బయట చెల్లని చిరునామా అని ఫైల్‌జిల్లా గుర్తుపట్టి, మొదట తాను ఏ చిరునామాకు కనెక్ట్ అయిందో దాన్నే వాడుకుంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 959 ఎన్నిసార్లు తిరగేసినా ఈ ఉపాయం దొరకదు. వాడుకలో తలనొప్పి తెచ్చిన సర్వర్లను ఎదుర్కొన్నాకే ఇలాంటిది కోడ్‌లోకి వస్తుంది.

ఫైళ్ల జాబితా ఇంకా చిక్కుది. ‘లిస్ట్’ ఆజ్ఞకు జవాబు ఏ రూపంలో ఉండాలో ఆ పత్రం చెప్పనే లేదు. యూనిక్స్ సర్వర్ ఒక తీరున పంపుతుంది, విండోస్ సర్వర్ ఇంకో తీరున, వీఎంఎస్ అనే పాత సిస్టంది మరో తీరు. క్లయింటు ప్రతి వరుసనూ చూసి ఏది పేరో, ఏది సైజో, ఏది తేదీయో ఊహించుకోవాలి. యూనిక్స్ జాబితాలో ఆరు నెలల లోపు ఫైళ్లకు సంవత్సరం ఉండదు, దాని బదులు గంటలు, నిమిషాలు ఉంటాయి. అవి ఏ దేశపు గంటలో చెప్పదు. ఈ ఊహ తప్పితే ‘పాత ఫైలు మీద కొత్తది రాయాలా’ అన్న ప్రశ్నకు తప్పు జవాబు వస్తుంది, కష్టపడి చేసిన పని పోతుంది. ఈ గందరగోళాన్ని తీర్చే ‘ఎంఎల్ఎస్‌డీ’ ఆజ్ఞ ఆర్‌ఎఫ్‌సీ 3659గా ఖరారయింది 2007లో. అప్పటిదాకా ఊహించే కోడే గతి, పాత సర్వర్ల కోసం ఇప్పటికీ అదే గతి.

పెద్ద ఫైళ్లతో వచ్చే తంటా మన ఫొటో స్టూడియోలకు బాగా తెలుసు. రెండు జీబీల ఆల్బం ఎక్కుతున్నంతసేపూ ఆజ్ఞల కనెక్షన్ ఖాళీగా ఉంటుంది. మధ్యలో ఉన్న రౌటరో, మొబైల్ నెట్‌వర్కో దాన్ని వాడుకలో లేదనుకుని తెంచేస్తుంది. ఫైలు పూర్తిగా వెళ్లిపోయినా ‘అందింది’ అని చెప్పే 226 జవాబు తిరిగి రాదు. క్లయింటు కాసేపు చూసి, విఫలమైందనుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఆజ్ఞల కనెక్షన్‌ను సజీవంగా ఉంచే కీప్-అలైవ్ ఏర్పాటు ఉన్నది ఇందుకే. ఫొటోను అక్షరాల ఫైళ్లకు ఉద్దేశించిన ఆస్కీ మోడ్‌లో పంపితే వరుస ముగింపు గుర్తులను మార్చే క్రమంలో బొమ్మ లోపలి బైట్లు కూడా మారిపోయి ఫైలు పాడవుతుంది. ఫైల్‌జిల్లా ఎక్స్‌టెన్షన్ చూసి మోడ్ ఎంచుకుంటుంది. అనుమానం ఉంటే బైట్లను ఉన్నవున్నట్టు పంపే బైనరీ అని బిగించేయడమే మేలు. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు సర్వర్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తే సైట్ మేనేజర్‌లో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8కు బలవంతంగా మార్చి చూడాలి.

ఇక తిరగరాత. మొదటి ఫైల్‌జిల్లా విండోస్ కోసమే ఉన్న మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్‌సీ అనే కోడ్ లైబ్రరీ మీద కట్టింది, విండోస్ దాటి కదలదు. దాన్ని అలాగే లాగించవచ్చు, అప్పటికే జనాదరణ ఉంది. అయినా పలు సిస్టంలలో నడిచే డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే లైబ్రరీ మీద మళ్లీ మొదటి నుంచి రాసుకొచ్చారు. 2007లో వచ్చిన ఫైల్‌జిల్లా 3 విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడిచింది. తరగతి ముగిసి ఆరేళ్లయ్యాక చేసిన పని అది! ఏ లెక్చరరూ దానికి మార్కులు వేయలేదు.

మచ్చలు లేకపోలేదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఏళ్ల తరబడి రక్షణ లేకుండా ఫైల్లో పడి ఉండేవి. వాటిని కాపాడాల్సింది ఆపరేటింగ్ సిస్టమేనని కోసె వాదించాడు. ఫిర్యాదులు ఆగలేదు. చివరికి 2017లో 3.26 వెర్షన్‌తో మాస్టర్ పాస్‌వర్డ్ వచ్చింది. నా దృష్టిలో అది చాలా ఆలస్యం. ఇన్‌స్టాలర్‌తో పాటు ఇతర ప్రోగ్రాములు అంటగట్టిన రోజులూ ఉన్నాయి. అయితే ఆ తప్పులపై తగువు కూడా బహిరంగంగానే జరిగింది, ఎవరైనా చదువుకోవచ్చు.

‘మా పిల్లాడికి ఉద్యోగం రావాలి గానీ ఈ ఓపెన్ సోర్స్ తిండి పెడుతుందా’ అని కనిగిరిలోనో ఆత్మకూరులోనో అప్పుచేసి చదివిస్తున్న తండ్రి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఎఫ్‌టీపీయే పోతోంది కదా, 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తీసేశాయి కదా అని ఇంకొందరంటారు. బ్రౌజర్లు తీసేస్తే విడి క్లయింటు అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు, అదీగాక ఫైల్‌జిల్లా ఎస్‌ఎఫ్‌టీపీ కూడా చేస్తుంది. ఉద్యోగం మాటకొస్తే, ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టులో నువ్వేం చేశావు’ అన్న ప్రశ్న దగ్గరే కొన్న ప్రాజెక్టు బండారం బయటపడుతుంది. నూటయాభై సవరణల చరిత్ర తేదీలతో సహా ఉన్నవాడు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తాడు.

కొత్తది ప్రారంభిస్తే సన్మానం, ఉన్నదాన్ని బాగుచేస్తే అనామకత్వం. ఈ జబ్బు మన ఇంజనీరింగ్ కాలేజీలకే పరిమితం కాలేదు. రోడ్లకూ, తాగునీటి పథకాలకూ, ప్రభుత్వ వెబ్‌సైట్లకూ పాకింది. శంకుస్థాపన పలకలకు కొదవలేదు, మరమ్మతుకు పద్దు ఉండదు. కంభం చెరువు కట్ట ఐదు శతాబ్దాలు నిలిచిందంటే తరతరాలుగా దాన్ని చూసుకున్నవాళ్లు ఉండబట్టే. సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి మనుషులే కావాలి. వాళ్లను తయారుచేయాల్సిన చోట మనం ఏటా నలుగురేసి పిల్లల చేత ఒకే అటెండెన్స్ సిస్టంను మళ్లీ మళ్లీ ‘కొత్తగా’ కట్టిస్తున్నాం.

నెల్లూరు కాలేజీలున్న జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు కాలేజీలున్న జేఎన్‌టీయూ కాకినాడ తలుచుకుంటే దీన్ని మార్చడం కష్టమేమీ కాదు. ప్రాజెక్టు త్రీ-టూలోనే మొదలవ్వాలి. మొదటి రోజున లైసెన్సు ఫైలు, బహిరంగ రిపాజిటరీ (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ ఉంచే చోటు). తమ కోడ్‌ను మార్చి పంచేవాళ్ల మార్పులు కూడా అందరికీ తెరిచి ఉండాలనుకుంటే జీపీఎల్, ఎవరెలా వాడుకున్నా పర్వాలేదనుకుంటే ఎంఐటీ. ఆరు వారాల్లో, ఎంత చిన్నదైనా సరే, కాలేజీ బయటి మనిషి ఇన్‌స్టాల్ చేసుకోగల రూపం బయటికి రావాలి. సమస్యలకు కరవు లేదు. ఒంగోలు డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న, యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనే తీసుకోండి. ఆ ఫాంట్లలో తలకట్లు, గుడులు, ఒత్తులు విడివిడి ముక్కలు. వాటిని గుర్తించి యూనికోడ్ కోరే వరుసలో పేర్చాలి. ఒక బ్యాచ్ మొదలుపెడితే నాలుగు బ్యాచ్‌లకు సరిపడా తప్పులు దొరుకుతాయి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు నుంచి కావలి పత్రికా విలేకరి దాకా వాడి చూసి తిట్టేవాళ్లూ దొరుకుతారు.

మార్కుల్లో సగం పాత బ్యాచ్ కోడ్‌ను సరిచేసినందుకే ఇవ్వాలి. ప్రతి ఫిర్యాదుకూ ఏ వెర్షన్, ఏ సర్వర్, ఏ ఫైలు, లాగ్‌లో ఏ వరుస దగ్గర ఆగింది అన్నవి రాసి ఉండాలి. ‘పనిచేయడం లేదు’ అని మాత్రమే రాసిన ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. వైవాలో పరీక్షకుడు పవర్‌పాయింట్ పక్కన పెట్టించి, బ్యాచ్‌కు సంబంధం లేని మనిషి పెట్టిన ఒక ఫిర్యాదును తెరిపించి, దాన్ని ఎవరు ఏ మార్పుతో సరిచేశారో చూపించమనాలి. రిపాజిటరీ ఖాతా విద్యార్థి సొంత జీమెయిల్ మీద కాకుండా డిపార్ట్‌మెంట్ పేర ఉండాలి. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కుర్రాడు పాస్‌వర్డ్ మరిచిపోయినా జూనియర్ల పని ఆగకూడదు.