దరఖాస్తు నాటి నుంచే రక్షణ కావాలి

కార్మికులు సంఘం పెట్టుకోవడం యాజమాన్యం దయతలచి ఇచ్చే వెసులుబాటు కాదు, రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ప్రసాదించిన ప్రాథమిక హక్కు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని కాదనలేదు. సంస్థలోని కార్మికుల్లో పది శాతం లేదా వంద మంది, వీటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా చేరితే, ఏడుగురికి తగ్గకుండా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిక్కంతా దరఖాస్తుకూ ధ్రువపత్రానికీ నడుమ గడిచే కాలంలోనే ఉంది.

చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరులో శామ్‌సంగ్ కర్మాగార కార్మికులు 2024 సెప్టెంబరు 9 నుంచి 37 రోజులు సమ్మె చేసింది జీతాల కోసమే కాదు, తమ యూనియన్ గుర్తింపు కోసం కూడా. సంఘం పేరులో కంపెనీ పేరు ఉండరాదని యాజమాన్యం అడ్డుపడింది, వ్యవహారం మద్రాసు హైకోర్టుకెక్కింది, 2025 జనవరిలో గానీ రిజిస్ట్రేషన్ దక్కలేదు. జాతీయ స్థాయి కార్మిక సంఘం సీఐటీయూ అండగా నిలిచి, దేశమంతా గమనిస్తున్న సంఘానికే ఇన్ని నెలలు పడితే, జీడిమెట్లలోనో అచ్యుతాపురంలోనో ఓ చిన్న యూనిట్‌లో గుట్టుగా సంతకాలు సేకరించేవారి గతి ఏమిటి?

యూనియన్‌లో చేరితే ఉద్యోగం ఊడుతుందని బెదిరించడం, సంఘం ఊపిరి పోసుకుంటున్న వేళ దాన్ని దెబ్బతీయడానికే జీతాలు పెంచడం, యాజమాన్యమే తోలుబొమ్మ సంఘాన్ని నిలబెట్టడం, విధానం పేరు చెప్పి కక్షతో బదిలీ చేయడం వంటివన్నీ కోడ్ రెండో షెడ్యూలు ప్రకారం అనుచిత కార్మిక విధానాలే. తొలి తప్పుకు జరిమానా పదివేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా ఉంటుంది. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాని ఖర్చు. పైగా, బదిలీ వెనుక కక్ష ఉందని నిరూపించవలసిన భారం ఆచరణలో జీతం ఆగిపోయిన కార్మికుడి నెత్తినే పడుతోంది.

వివాదం విచారణలో ఉన్నంతకాలం ముందస్తు అనుమతి లేనిదే తొలగించరాని ‘రక్షిత కార్మికుల’ను చట్టం గుర్తిస్తుంది గానీ, ఆ రక్షణ రిజిస్టరైన సంఘం కార్యవర్గ సభ్యులకే, అదీ మొత్తం కార్మికుల్లో ఒక శాతానికే, కనిష్ఠం అయిదుగురు, గరిష్ఠం వంద మందికే పరిమితం. సంఘం ఇంకా పుట్టకముందు, అత్యంత ప్రమాదంలో ఉండే వ్యవస్థాపకులు దీని పరిధిలోకి రారు.

గుర్తింపు మరో మెట్టు. ఒకటికి మించి సంఘాలున్నచోట, 51 శాతం కార్మికుల మద్దతు ఉన్నదే యాజమాన్యంతో బేరసారాలు జరపగల ఏకైక సంఘం. అంత బలం ఎవరికీ లేకుంటే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో బేరసారాల మండలి ఏర్పడాలి. ఆ బలం తేల్చేది సభ్యత్వ రసీదులు కాదు, రహస్య బ్యాలెట్ కావాలి. 1998 నుంచి సింగరేణి బొగ్గు గనుల్లో గుర్తింపు సంఘాన్ని ఓటుతోనే ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరులోనూ అలాగే ఎన్నుకున్నారు. వేల మంది గని కార్మికులకు సాధ్యమైనది తక్కిన పరిశ్రమల్లో ఎందుకు సాధ్యం కాదో కార్మిక శాఖలు చెప్పాలి.

సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు, సామూహిక బేరసారాల హక్కుకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను, ఆ సంస్థ వ్యవస్థాపక సభ్యదేశమైన భారత్ ఇప్పటికీ ఆమోదించకపోవడం విచిత్రమే. కేంద్రం ఆ పని చేసేదాకా రెండు తెలుగు రాష్ట్రాలు చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. దరఖాస్తును నిర్ణీత గడువులో తేల్చడం, అది చేతికందిన రోజు నుంచి సంతకందారుల తొలగింపు, బదిలీలపై కార్మిక శాఖ కన్నేసి ఉంచడం ఆ ప్రభుత్వాలు తలచుకుంటే జరిగే పనులే.