నచ్చలేదని చెబితే ఎవరి పొట్ట కొట్టినట్టు?

"సినిమా తీయడం చేతకాని వాళ్లకు సినిమాను విమర్శించే హక్కు లేదు" అంటూ మొదలై, దండం పెడుతున్న చేతుల బొమ్మతో ముగిసే సందేశం ఒకటి ఈ మధ్య నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. ఎవరో ఒకరు పంపితే చదివి ఊరుకోవచ్చు. కానీ నాసిరకం సినిమా చూసి వచ్చిన రోజున నాకంటే ఎక్కువగా విసుక్కునే మిత్రులే దాన్ని అక్షరం మార్చకుండా పంపుతూ, కింద "అక్షర సత్యం" అని చేర్చుతుంటే ఊరుకోవడం కష్టంగా ఉంది. అందులో ఏడు వాదనలున్నాయి. డబ్బు కట్టి, సమయం వెచ్చించి చూసినవాడు ఆ పైన నోరు మూసుకుని ఉండాలన్నదే ఏడింటి సారాంశం. వరుసగానే చూద్దాం కానీ, అన్నింటికీ సమానంగా మర్యాద చేయడం నా వల్ల కాదు.

మొదటిది పైన చెప్పిన హక్కు సంగతి. 1950లలో ఫ్రాన్స్‌లో యువ విమర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో రాసిన సమీక్షలు ఎంత కటువుగా ఉండేవంటే, 1958లో కాన్ చలనచిత్రోత్సవం వారు ఆయనను దూరం పెట్టారు. మరుసటి ఏడాది అదే ఉత్సవంలో తన తొలి కథాచిత్రం 'ది 400 బ్లోస్'కు ఆయన ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)కి ఏడేళ్ల ముందే, 1948లో, మన సినిమాల్లో లోపమెక్కడుందో వివరిస్తూ వ్యాసం రాశారు. ఈ సందేశం అప్పటికే పుట్టి ఉంటే, ముందు ఒక సినిమా తీసి ఆ తరువాత మాట్లాడమని ఇద్దరినీ వెనక్కి పంపేవారు. అయినా ఈ అర్హత పరీక్ష మెచ్చుకునేవాళ్లకు ఎందుకు లేదో నాకు అంతుపట్టదు. ప్రీ రిలీజ్ వేడుకలో మైకు పట్టుకుని, ఇంకా చూడని సినిమా గురించి "చరిత్ర తిరగరాస్తుంది" అని చెప్పే అతిథిని, అయ్యా మీకు ఎడిటింగ్ వచ్చా అని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

పాత రోజుల్లో ప్రేక్షకులు ఏం చూపించినా ఆదరించేవారన్నది రెండో వాదన. 1959లో 'కాగజ్ కే ఫూల్' ఘోరంగా విఫలమయ్యాక హిందీ దర్శకుడు గురుదత్ తన పేరుతో మరో సినిమాకు దర్శకత్వం వహించలేదు. ఆదరణ అంటే అదే కాబోలు.

కోట్లు వసూలు చేసిన సినిమాను బాగాలేదనడం ప్రజాతీర్పును అవమానించడమేనన్న మూడో వాదన, టికెట్టు కొనడాన్నీ మెచ్చుకోవడాన్నీ ఒకే గాటన కట్టేసింది. టికెట్టు కొనేది సినిమా చూడకముందు. తీర్పు చెప్పేది చూశాక. అమెరికన్ టీవీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి భాగాన్ని 2019 మే నెలలో ఒక్క అమెరికాలోనే తొలి రాత్రి కోటీ తొంభై లక్షల మందికి పైగా చూశారు. ఆ సీజన్‌ను మళ్లీ మొదటి నుంచి తీయాలన్న వినతి మీద పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఆ ఏడాది ఉత్తమ డ్రామాగా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారమూ దానికే దక్కింది. ఈ మూడింటిలో ప్రజాతీర్పు ఏదో తేల్చి చెప్పమంటే సందేశకర్త ఏమంటారో? నా మట్టుకు నాకు, మొదటి ఆరు సీజన్లలో పదేసి భాగాల చొప్పున తాపీగా నడిచిన కథను చివరికి ఆరు భాగాల్లో చుట్టేయడంతో, ముఖ్యపాత్ర అయిన రాణి డెనేరిస్ ఒక నగరాన్ని తగలబెట్టే స్థితికి చేరుకోవడం ఆమె మనసు విరిగినట్టుగా కాక, రచయితలకు గడువు ముంచుకొచ్చినట్టుగా కనిపించింది. దీనికి వ్యతిరేక ఉదాహరణా ఉంది. 1994లో థియేటర్లలో చతికిలపడిన 'ది షాషాంక్ రిడెంప్షన్' వీడియో క్యాసెట్ల ద్వారా, టీవీ ప్రసారాల ద్వారా జనానికి చేరి, నేడు లోకమంతా నెత్తిన పెట్టుకున్న సినిమా అయింది. అందులో కళ్లముందు కనిపిస్తున్న దాన్నే మళ్లీ మాటల్లో వివరించే వ్యాఖ్యానం కాస్త ఎక్కువైందని నేననుకుంటాను. ఇలా అన్నందుకు కోట్లాది అభిమానులకు అవమానం జరిగిందని అనుకోను.

ఉచితంగా ఇంట్లోకి వచ్చే సీరియళ్లకు వంకలు పెట్టకూడదని నాలుగో మాట. ప్రకటనలకు అప్పగించిన ప్రతి సాయంత్రాన్నీ ఉచితమనే లెక్క నాకు రాదు. ఒక పాత్ర "ఆ బిడ్డ తండ్రి ఎవరో నాకు తెలుసు" అంటుంది. వెంటనే కెమెరా గదిలో ఉన్న ఏడుగురి ముఖాల మీదికీ ఒక్కొక్కటిగా దూసుకుపోతుంది, ముఖానికొక ఉరుము మోగుతుంది, ఆ తరువాత అవే ముఖాలు నలుపు తెలుపుల్లో మరోసారి వస్తాయి, ఆపైన ప్రకటనలు, ప్రకటనలు అయ్యాక ఆ మాట మళ్లీ మొదటి నుంచి. 'చెర్నోబిల్' (2019) అనే టీవీ సిరీస్ ఒక అణు విద్యుత్ కేంద్రం పేలుడునూ, దాన్ని కప్పిపుచ్చడానికి ఒక వ్యవస్థ పడిన పాట్లనూ ఐదు భాగాల్లో చెప్పి ముగించింది. ఐదు భాగాల్లో ఇక్కడ తండ్రి పేరు కూడా బయటికి రాదు. ఆ మాటకొస్తే 'చెర్నోబిల్' కూడా మచ్చలేనిది కాదు. ఆ ప్రమాదంపై జరిగిన కోర్టు విచారణకు శాస్త్రవేత్త లెగసోవ్ నిజానికి హాజరే కాలేదు. చివరి భాగంలో ఆయన చేత కోర్టులో అంత పెద్ద ప్రసంగం చేయించడం, అబద్ధాల వల్ల కలిగే నష్టాన్ని గురించిన కథలో, నాకు మింగుడు పడలేదు.

అసలు విషం ఐదో వాదనలో ఉంది. "ఒక సినిమా వెనుక వందల మంది కార్మికుల చెమట ఉంటుంది, మీరు రాసే ఒక్క చెడ్డ మాట వాళ్ల పిల్లల నోటి దగ్గరి ముద్ద లాక్కుంటుంది" అని అందులో ఉంది. ఇది చదివిన మంచి మనిషి ఎవరైనా సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. రాసిన వారికి కావలసిందీ అదే. లైట్‌మన్, సెట్ వేసే వడ్రంగి, మేకప్ సహాయకుడు, జూనియర్ ఆర్టిస్టు చేసిన పని రోజులను బట్టి కూలీ తీసుకునేవారే తప్ప, వసూళ్లలో వాటాదారులు కారు. సినిమా ఆడితే హీరో పారితోషికం రెట్టింపు కావచ్చు గానీ, లైట్‌మన్ బేటా (రోజువారీ భత్యం) రెట్టింపయిన వార్త ఏ పత్రికలోనూ కనబడదు. సినిమా పోతే నిర్మాత మరో సినిమా మొదలుపెట్టడని, దానితో పని తగ్గుతుందని అనవచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. అయితే సినిమా ఆడినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి కదా.

'లైఫ్ ఆఫ్ పై' (2012) ప్రపంచవ్యాప్తంగా 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పడవలో కుర్రాడితోపాటు ప్రయాణించిన ఆ పులి చాలా సన్నివేశాల్లో కంప్యూటర్ల మీద వెంట్రుక వెంట్రుకగా తయారైంది. దాన్ని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. ముందుగా ఒప్పుకున్న మొత్తానికే అడిగిన మార్పులన్నీ చేసిపెట్టాల్సి రావడం ఆ రంగంలోని సంస్థలను అప్పటికే కుంగదీస్తోంది. అదే నెలలో ఆ పులికి ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. వేడుక జరుగుతున్న భవనం బయట వందల మంది గ్రాఫిక్స్ కళాకారులు నిరసన తెలుపుతుంటే, లోపల బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాలను ప్రస్తావించబోయేసరికి 'జాస్' సినిమా సంగీతం మోగించి మైకు ఆపేశారు. సినిమా ఆడింది, సమీక్షలు మెచ్చుకున్నాయి, ఆస్కార్ వరించింది. పులిని చేసినవాళ్లు మాత్రం రోడ్డున పడ్డారు. వాళ్ల నోటి దగ్గరి ముద్దను ఏ సమీక్షకుడు లాక్కున్నాడో ఈ సందేశం రాసిన మహానుభావులు సెలవిస్తే విని తరిస్తాను.

ప్రేక్షకుల మాట కార్మికుల మీద బరువు మోపిన సందర్భమూ లేకపోలేదు. 2019లో 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్' ట్రైలర్‌లో వీడియో గేమ్ నుంచి వచ్చిన ఆ పాత్ర రూపం చూసి జనం గోల పెడితే, విడుదలను 2020 ఫిబ్రవరికి వాయిదా వేసి బొమ్మను మళ్లీ గీయించారు. సినిమా బాగానే ఆడింది. ఆ బొమ్మ మీద పనిచేసిన వాంకూవర్ స్టూడియోను మాత్రం విడుదలకు ముందే మూసేశారు. అక్కడ కూడా తలుపులు మూసింది యజమానులే. శ్రమను అంతగా గౌరవించేవారు, ఆ శ్రమజీవుల పేర్లు తెర మీదికి వచ్చేటప్పుడు ఏం జరుగుతుందో గమనించాలి. ఓటీటీలో చివరి దృశ్యం ముగియగానే పేర్లున్న తెర ముడుచుకుని ఒక మూలకు చేరుతుంది, అంకెలు తగ్గుకుంటూ వస్తాయి, తరువాతి భాగం మొదలైపోతుంది. వందల మంది పేర్లు ఆ అరంగుళం పెట్టెలో చీమల బారులా పోతున్నప్పుడు ఎవరి కళ్లూ చెమర్చవు; నేను "రెండో సగం సాగదీశారు" అన్నప్పుడు మాత్రం చెమరుస్తాయి.

విడుదలైన మూడు రోజుల వరకు ఎవరూ ఏమీ రాయకూడదన్నది ఆరో కోరిక. తమిళ నిర్మాతల సంఘం ఒకటి ఇలాంటి నిషేధమే కోరితే, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. అమ్మకం జోరుగా సాగే మూడు రోజులూ సరుకు గురించి ఎవరూ నోరెత్తరాదన్నదే ఈ కోరికలోని అసలు సంగతి. నిశ్శబ్దం కూడా మనకే. రెండో రోజు సక్సెస్ మీట్ పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. 'శంకరాభరణం' (1980) పేరున్న హీరో లేకుండా వచ్చి, మొదట్లో ఖాళీ హాళ్లలో ఆడి, చూసినవాళ్లు చెప్పగా చెప్పగా నిండిన సినిమా. మౌత్ టాక్‌ను మూడు రోజులు కట్టిపడేస్తే అటువంటి సినిమా నాలుగో రోజు దాకా హాలులో ఉంటుందా అన్నది ఈ సందేశం ఆలోచించలేదు.

ఏడో వాదన మాత్రం సబబైనది. ఒకటిన్నర రెట్ల వేగంతో, చేతిలో ఫోన్ తిప్పుతూ చూసినవాళ్లకు తీర్పు చెప్పే అర్హత లేదని అందులో రాశారు. నేను ఇంకో అడుగు ముందుకేసి అంటాను: మన సమీక్షల్లో చాలావాటిలో కథ, నటీనటులు తప్ప మరో మాట ఉండకపోవడానికి ఇదే కారణం. '12 యాంగ్రీ మెన్' (1957) దాదాపు మొత్తం ఒకే గదిలో జరుగుతుంది. దర్శకుడు సిడ్నీ లుమెట్ మొదట కెమెరాను కంటిచూపు కంటే పైన ఉంచి, క్రమంగా కిందికి దించుతూ, లెన్సులను మారుస్తూ పోయాడు. అందుకే వాదన ముదిరేకొద్దీ గోడలు, ఆపైన పైకప్పు, ఆ పన్నెండుగురి మీదికి జరుగుతున్నట్టు ఉంటుంది. చివరికి వాళ్లు బయటికి వచ్చినప్పుడు విశాలమైన దృశ్యం చూపించి మనకు ఊపిరాడనిస్తాడు. వేగం పెంచి చూస్తే ఆ గదిలో మిగిలేది పన్నెండు మంది అరుపులే. కాబట్టి సమీక్ష రాసేవారు ఎంత వేగంతో చూశారో, ఏ భాగాలు వదిలేశారో మొదటి వాక్యంలోనే చెప్పాలన్న నియమం పెడితే ముందు సంతకం నేను చేస్తాను. మొదటి ఆట విరామంలోనే బయటికి వచ్చి "బ్లాక్‌బస్టర్" అని ప్రకటించేవారూ దాని కింద సంతకం చేయాలి.