గేటు మీది బాతు

వరంగల్‌లో కాకతీయ తోరణం కనిపించని చోటు వెతకడం కష్టం. ఫంక్షన్ హాల్ ముందు అదే, శుభలేఖ మీద అదే, చివరికి రాష్ట్ర చిహ్నంలోనూ అదే. కాకతీయులు కాపీరైట్ మాట ఎత్తకుండా పోయారు కాబట్టి అందరం ధీమాగా వాడుకుంటున్నాం. అసలు ఖిలా వరంగల్‌లో ఉన్నవే నాలుగు తోరణాలు, నాలుగూ ఒకే నమూనా. ఏది చూసి ఏది చెక్కారని అక్కడ ఎవరూ కొట్లాడుకోలేదు.

మా హన్మకొండ గల్లీలో కొట్లాడుకున్నారు.

కాంట్రాక్టర్ అన్న తన కొత్త గేటు మీద ఇనుప రేకుతో తోరణం పెట్టించాడు. అడ్డ దూలం, దాని కింద తామర మొగ్గలు, పైన చెరో చివర హంస. నెల తిరక్కుండానే ఎదురింటి లెక్కల సారు గేటు మీదా తోరణం లేచింది. అన్నకు ఒళ్లు మండింది. అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాస్తానన్న పాపానికి తీర్పు చెప్పమని నన్ను లాక్కెళ్లారు.

"నా డిజైన్ ఎత్తుకపోయిన్రు."

"నీదెట్లయితదిరా? కాకతీయులది. కోటను చూసి చేయించుకున్న. దీన్ని స్ఫూర్తి అంటరు."

పాయింటే కదా, సారు పక్షానే చెబుదామని తల పైకెత్తాను. అన్న గేటు మీద ఎడమ హంసకు రేకు చాలక వెల్డర్ మెడను సగంలో ఆపేశాడు. అది అచ్చం బాతు. సారు గేటు మీద రేకుకు కొదవ లేదు, అయినా ఎడమ వైపు బాతే కూర్చుంది.

సారు ఏళ్ల తరబడి పేపర్లు దిద్దిన మనిషి. "ఇద్దరికీ రైటు ఒకటే వస్తే తెలివి, తప్పు కూడా ఒకటే వస్తే కాపీ" అని పిల్లల్ని బెంచీ ఎక్కించేవారు. ఆ మాట నేను ఎత్తలేదు. అన్నే ఎత్తాడు. ఆ బెంచీ ఎక్కినవాళ్లలో అతనూ ఒకడు.

సారు తగ్గలేదు. "పోతన వ్యాసుని భాగవతం తెలుగు చేయలేదా? బమ్మెర పోయి కేసు పెడతవా?"

"పోతన వ్యాసుని పేరు చెప్పిండు సార్. మీరు నా పేరు చెప్పిన్రా?"

"అంటే నా గేటుకు నీ పేరు రాయాల్నా?"

వెల్డర్‌కు ఫోన్ కొట్టాం. వచ్చి రెండు గేట్లనూ తృప్తిగా చూసుకున్నాడు. "రెండూ నేను చేసినయే. నడుమ మీకెందుకు లొల్లి?"

"మరి సారుకు బాతెందుకు పెట్టినవ్?"

"సారే ఫోన్ల అన్న గేటు ఫొటో చూపించి, అచ్చం గట్లనే కావాలన్నరు."

ఆ తర్వాత కాసేపు సారు తామర మొగ్గల్ని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు.

రోషం మాత్రం గట్టిదే. మర్నాడే బాతు మెడకు జానెడు రేకు అతికించి దాన్ని హంసను చేయించారు. నిజంగానే బాగుంది. ఆదివారం పొద్దున చూస్తే అన్న గేటు మీది బాతుకూ మెడ పెరిగింది. అదే జానెడు, అతుకు కూడా అదే చోట.

కాసేపటికే సారు మా తలుపు కొట్టారు. నేను ఊళ్లో లేనని మా ఆవిడతో చెప్పించాను.